మావారి గుమ్మడి మడిని గుడ్డ మీదికి తెచ్చిన వైనం

స్టార్‌డ్యూ వ్యాలీ అనే వీడియో ఆట 2016 ఫిబ్రవరిలో వెలువడింది. బొమ్మలు, సంగీతం, సంభాషణలు, ప్రోగ్రాము అన్నింటినీ ఎరిక్ బెరోన్ ఒక్కడే నాలుగేళ్ళకు పైగా శ్రమించి తయారుచేశాడని తెలిసినప్పటి నుంచి ఆ ఆట అంటే నాకు గౌరవం. దాన్ని ఆడేది మాత్రం మావారు. తాతగారు వదిలివెళ్ళిన పొలం బీడుపడి ఉంటుంది. రాళ్ళు ఏరి, మొద్దులు కొట్టి, నేల దున్ని, విత్తనం వేసి, ఊరివాళ్ళతో స్నేహం పెంచుకుంటూ అక్కడే స్థిరపడాలి. ఒక్కో ఋతువుకు 28 రోజులు, నాలుగు ఋతువులతో ఏడాది పూర్తవుతుంది. గెలుపోటముల తొందర లేని ఆ పొలంలో ఆయన ఎన్నో ఏళ్ళ వ్యవసాయం చేశారు. ఈసారి ఆయన పుట్టినరోజుకు ఆ పొలంలోని ఒక చిన్న మూలను క్రాస్ స్టిచ్‌లో, అంటే గళ్ళ గుడ్డ మీద గడికొక గుణకారపు గుర్తులా వేసే కుట్టుతో కుట్టి, ఫ్రేము కట్టి ఇచ్చాను. ఆ పని ఎలా సాగిందో, అన్నిటికన్నా ముందు ఏ బొమ్మ కుట్టాలో ఎలా తేల్చుకున్నానో రాసిపెట్టుకోవాలనిపించింది.

ఈ ఆటకు తయారుగా దొరికే నమూనాలకు కొదవ లేదు. ఆట పేరున్న పలక, తెల్లకోడి, అడవిలోని గుండ్రటి చిన్ని భూతాలు, ఇలా ఏది కావాలంటే అది దొరుకుతుంది. అవి అందంగానే ఉంటాయి, కానీ ఆ ఆట ఆడే ఎవరికైనా అవే ఇవ్వవచ్చు. నన్ను ఆపింది నిజానికి ఆ ఆటలోని నియమమే. అందులో ఊరివాళ్ళకు కానుకలు ఇవ్వవచ్చు. ఒక్కొక్కరికి వారానికి రెండే, పుట్టినరోజున ఇచ్చిన దానికి ఎనిమిది రెట్ల విలువ. ఏది పడితే అది ఇస్తే కుదరదు. అబిగైల్‌కు ఊదారంగు రత్నం ప్రాణం, ఎమిలీకి నేసిన గుడ్డ, ఉన్ని ఇస్తే పొంగిపోతుంది, లైనస్‌కు చిలగడదుంప లాంటి దుంప చాలు. ఎవరి ఇష్టం ఏమిటో గమనించి తెలుసుకోవడమే ఆ ఆటలో స్నేహానికి దారి. అలాంటి ఆటను ఇష్టపడే మనిషికి, ఆయన ఇష్టాన్ని గమనించకుండా, దొరికిన బొమ్మ కుట్టి ఇవ్వడం నాకు సరిపడలేదు. అందువల్ల సూది పట్టుకునే ముందు ఆయన ఆడుతుండగా పక్కన కూర్చొని చూడడం మొదలుపెట్టాను.

పొలం నిండా ఆయన స్ప్రింక్లర్లు అమర్చుకున్నారు. తెల్లవారేసరికి పైరు అంతా దానంతటదే తడిసి ఉంటుంది, చేతితో నీళ్ళు పోయాల్సిన అవసరమే ఉండదు. అయినా ఆకురాలు కాలం రాగానే ఇంటి ముందు మూడు గడుల పొడవు, మూడు గడుల వెడల్పున్న ఒక మడిని విడిగా దున్ని, తొమ్మిది గుమ్మడి విత్తనాలు వేసి, దానికి మాత్రం చేతితోనే నీళ్ళు పోస్తారు. కారణం అడిగితే వివరంగా చెప్పారు. గుమ్మడి 13 రోజులకు పండుతుంది. పండిన తరువాత కోయకుండా వదిలేసి, నీళ్ళు పోస్తూ ఉంటే, అలా నిండుగా ఉన్న తొమ్మిది గడుల మడిలో ప్రతి రాత్రీ నూటికి ఒక వంతు అవకాశంతో తొమ్మిదీ కలిసి ఒకే మహా గుమ్మడిగా మారవచ్చు. మడి నడుమ స్ప్రింక్లర్ పెడితే ఒక గడి పోతుంది, అప్పుడు ఆ అవకాశమే లేదు. సరే, బయటి నుంచి తడిపే స్ప్రింక్లర్లు పెట్టుకోవచ్చు కదా అన్నాను. పెట్టుకోవచ్చట, కానీ పెట్టరట.

అంతకన్నా నన్ను కట్టిపడేసిన విషయం మరొకటి ఉంది. ఆయన దగ్గర ఉన్నది బంగారు నీళ్ళ క్యాను. బొత్తాన్ని కాసేపు నొక్కి పట్టుకుంటే ఆ క్యానుతో తొమ్మిది గడులూ ఒక్కసారే తడుస్తాయి. ఆయన అలా చేయరు. ఒక్కొక్క గడి ముందూ నిలబడి, ఒక్కొక్కసారి నొక్కి, తొమ్మిది గడులకూ విడివిడిగా పోస్తారు. గుమ్మడి పెద్దదైతే సంతోషిస్తారు, కాకపోతే 28వ తేదీ సాయంత్రం వరకూ చూసి, చలికాలం వచ్చి పైరు ఎండిపోకముందే కోసేసుకుంటారు. ఆయన ఆటలో సారమంతా ఆ మడి దగ్గరే ఉందని నాకు తోచింది. మహా గుమ్మడిని కుట్టి ఇవ్వడం తేలికైన ఆలోచన, చూడడానికి కూడా ఘనంగా ఉండేది. అయితే ఆయన ఎక్కువగా ఇష్టపడేది ఆ ఫలితం కన్నా ఆ ఉదయపు పనిని. కాబట్టి సగం తడిసిన మడిని కుట్టాలని నిశ్చయించుకున్నాను. పై వరుసలో మూడు గడులు, నడి వరుసలో రెండు తడిసి నల్లబడి ఉండాలి, మిగిలిన నాలుగు పొడిగా ఉండాలి, ఆరో గడి ముందు ఆటలో ఆయన నడిపే మనిషి పాత్ర క్యానుతో నిలబడి ఉండాలి.

ఇటువంటి ఆటల బొమ్మలు క్రాస్ స్టిచ్‌కు ఇంత చక్కగా అమరడం కాకతాళీయం కాదు. తెర మీద పిక్సెల్ ఒక చదరపు గడి, అందులో ఒకే రంగు. గుడ్డ మీద కుట్టు కూడా ఒక చదరపు గడి, అందులోనూ ఒకే రంగు. 19వ శతాబ్ది ఆరంభంలోనే బెర్లిన్‌లో గళ్ళ కాగితం మీద రంగులు అద్దిన కుట్టు నమూనాలు అచ్చయి ఐరోపా అంతటా అమ్ముడుపోయాయి. 1984లో వెలువడిన మెకింటాష్ కంప్యూటర్ కోసం చిహ్నాలు గీసిన సూసన్ కేర్ కూడా గళ్ళ కాగితం మీద గడులు నింపుకుంటూనే పని ప్రారంభించారు. పిక్సెల్ బొమ్మ గీసేవారు ఎదుర్కొనే ప్రశ్నే కుట్టేవారికీ ఎదురవుతుంది: ఇన్ని తక్కువ గడులలో, ఇన్ని తక్కువ రంగులలో ఒక వస్తువును చూడగానే పోల్చుకునేలా ఎలా చూపడం? ఆ ప్రశ్నకు ఆట తయారుచేసిన మనిషి ఇదివరకే సమాధానం చెప్పి ఉంచాడు కాబట్టి మనం దాన్ని చెడగొట్టకుండా గుడ్డ మీదికి చేర్చితే చాలు. ఈ కారణంగానే ఇటువంటి బొమ్మల్లో సగం కుట్లు, పావు కుట్లు, చివర్లో అంచు వెంట వేసే బ్యాక్ స్టిచ్ గీతలు వాడకూడదని నా అభిప్రాయం. వాటితో వంపులు నునుపుగా వస్తాయి, కానీ అది పిక్సెల్ బొమ్మగా మిగలదు.

నమూనా కోసం మావారు ఇంట్లో లేని సమయంలో ఆయన ఆటనే తెరిచాను. పాత్ర పడుకున్నప్పుడే ఈ ఆట భద్రమవుతుంది కనుక, పగలు ఎంత తిరిగినా పడుకోకుండా బయటకు వచ్చేస్తే ఏదీ మారదు. ఆ ధైర్యంతో ఆయన క్యాను పట్టుకొని, బొత్తాన్ని నొక్కి ఉంచకుండా, అయిదు గడులకు ఒక్కొక్కటిగా నీళ్ళు పోసి, ఆరో గడి ముందు నిలబడి స్క్రీన్‌షాట్ తీసుకున్నాను. సమయం కూడా చూసుకోవాలి. వాన రోజున, సాయంత్రం పూట ఆటలో వెలుతురు మారి రంగులన్నిటి మీదా ఒక పొర కమ్ముతుంది. ఎండ కాసే రోజున పగటి పూట తీస్తేనే అసలు రంగులు దొరుకుతాయి. ఇంకొక ముఖ్యమైన సంగతి ఏమిటంటే, మామూలు కొలతలో ఈ ఆట ఒక్కొక్క పిక్సెల్‌ను నాలుగు రెట్లు పెంచి చూపిస్తుంది, అంటే బొమ్మలో మనం చూసే ఒక చుక్క నిజానికి తెర మీద నాలుగు నిలువు, నాలుగు అడ్డం చుక్కల చదరం. స్క్రీన్‌షాట్‌ను సరిగ్గా పాతిక శాతానికి కుదిస్తే ఒక చుక్కకు ఒక కుట్టు లెక్క కుదురుతుంది. కుదించేటప్పుడు ‘నియరెస్ట్ నైబర్’ అనే పద్ధతినే ఎంచుకోవాలి. మిగతా పద్ధతులు పక్కపక్క రంగులను కలిపేసి, అసలు బొమ్మలో లేని నడిమి రంగులను పుట్టిస్తాయి, అప్పుడు చార్టులో, అంటే ఏ గడికి ఏ రంగో చూపే గళ్ళ నమూనాలో, పనికిరాని రంగులు లెక్కలేనన్ని వచ్చి పడతాయి.

కొలతల విషయంలో నాకు ఒక చక్కని పొంతన దొరికింది. ఈ ఆటలో నేల గడి ఒక్కొక్కటి 16 పిక్సెళ్ళ పొడవు, 16 పిక్సెళ్ళ వెడల్పు. క్రాస్ స్టిచ్‌కు వాడే గళ్ళ నేత గుడ్డ అయిన ఐడాలో అంగుళానికి 14 గడులున్నది ఎక్కువగా వాడుకలో ఉన్నా, 16 గడులున్నది కూడా దొరుకుతుంది. ఆ గుడ్డను తీసుకుంటే ఆటలోని ఒక నేల గడి సరిగ్గా ఒక అంగుళం అవుతుంది. ఏడు గడుల వెడల్పు, అయిదు గడుల ఎత్తున్న దృశ్యాన్ని ఎంచుకుంటే ఏడు అంగుళాలు, అయిదు అంగుళాలు. ఫొటో ఫ్రేముల్లో అందరికీ తెలిసిన కొలత అదే. కుట్ల లెక్క 112కు 80, మొత్తం 8,960. ఎడమ పక్క దిష్టిబొమ్మ, నడుమ మడి, కుడి పక్క మావారి పాత్ర, చుట్టూ ఆకురాలు కాలపు పసుపుపచ్చ గడ్డి. ఫ్రేము అంచు పావు అంగుళం మేర బొమ్మను కప్పేస్తుంది కనుక చుట్టూ నాలుగు వరుసల కుట్లలో గడ్డి తప్ప మరేదీ రాకుండా చూసుకున్నాను. గుడ్డను మాత్రం అన్ని వైపులా మూడేసి అంగుళాలు అదనంగా ఉంచి కత్తిరించాలి. చివర్లో అట్టకు బిగించి కట్టేటప్పుడు ఆ గుడ్డే పనికివస్తుంది.

అసలు పని రంగులను ఎంచడంలో ఉంది. తెర తన వెలుగుతో తాను మెరుస్తుంది. దారం మీద పడిన వెలుతురులో కొంతే తిరిగి వస్తుంది. తెర మీద విడివిడిగా కనిపించే రెండు గోధుమ రంగులు దారంలోకి రాగానే ఒకటైపోతాయి. ఈ బొమ్మకు ప్రాణమంతా తడి మట్టికీ పొడి మట్టికీ ఉన్న తేడాలోనే ఉంది కనుక ఆ రెండు రంగుల మీద నేను ఎక్కువ సమయం పెట్టాను. చార్టు తయారుచేసే సాఫ్ట్‌వేర్ సూచించినవి డీఎంసీ అనే కంపెనీ దారాల్లో 433, 801 నంబర్ల రంగులు. ఒక పనికిరాని ముక్క మీద రెండింటినీ పక్కపక్కన కుట్టి, గోడకు ఆనించి, గది అవతలి నుంచి చూశాను. రెండూ ఒకే మడిలా కలిసిపోయాయి. పొడి మట్టికి కాస్త లేతదైన 434ను, తడి మట్టికి బాగా ముదురైన 898ను పెట్టిన తరువాత ఏ గడి తడిసిందో ఎంత దూరం నుంచైనా తెలిసింది. రంగుల మధ్య తేడా చాలినంత ఉందో లేదో చూడడానికి మంచి ఉపాయం ఒకటి ఉంది: దారాలను పక్కపక్కన పెట్టి ఫోనులో నలుపు తెలుపు ఫొటో తీయడం. అందులో కూడా రెండూ వేరుగా కనిపిస్తే గుడ్డ మీద ధీమాగా వాడవచ్చు.

గుమ్మడికాయల విషయంలో నాలుగు రంగులు సరిపోయాయి. వెలుగు పడిన చోట 742, కాయ ఒంటికి 740, నీడకు 946, పలకల మధ్య గాడికి 919. అంచుకు నలుపు వేయాలని చాలామందికి అనిపిస్తుంది, 310 నంబరు నలుపు దారం లేని కుట్టుపెట్టె ఉండదు కూడా. తెర మీది బొమ్మను పెద్దది చేసి చూస్తే ఆ అంచు ముదురు గోధుమ ఛాయలో కనిపించింది, అందువల్ల 938 వాడాను. నలుపు వేసి ఉంటే కాయలు నేల మీద అతికించినట్టు ఉండేవి. ఈ రంగుతో నేలలోంచి వచ్చినట్టు ఉన్నాయి. గడ్డికి 729, 680, 3829. గడ్డి విస్తీర్ణం ఎక్కువ కనుక దాని లచ్చీలను ఒకే విడతలో, ఒకే అద్దకం నంబరు చూసి కొనుక్కోవాలి. ఎనిమిది మీటర్ల లచ్చిలో ఆరు పోగులుంటాయి, రెండేసి పోగులతో కుడితే 24 మీటర్ల దారం చేతికి వస్తుంది. వినడానికి చాలా అనిపించినా గడ్డి దాన్ని తినేస్తూ పోతుంది.

కుట్టే పద్ధతిలో రెండు మూడు విషయాలు చెప్పుకోదగ్గవి. దారానికి ముడి వేయకుండా మొదలుపెట్టే పద్ధతి నాకు చాలా ఇష్టం. తొంభై సెంటీమీటర్ల దారం తీసుకొని, అందులోంచి ఒకే ఒక పోగును లాగి, సగానికి మడిచి, రెండు కొసలనూ కలిపి సూదిలో ఎక్కించాలి. మడత భాగం తోకలా చివర వేలాడుతుంది. గుడ్డ కింది నుంచి సూదిని పైకి తీసి, మడత పూర్తిగా పైకి రాకముందే ఆపి, గడికి ఎదురు మూలలో సూదిని కిందికి దించి, వెనక పక్కన ఆ మడత ఉచ్చులోంచి సూదిని పోనిచ్చి మెల్లగా లాగితే దారం తనను తానే పట్టుకుంటుంది. వెనకపక్క ఉబ్బు ఉండదు, ఫ్రేము కట్టినప్పుడు ముందుకు పొడుచుకు వచ్చే ముడి ఉండదు. ఇలా మొదలుపెట్టిన దారం నలభై అయిదు సెంటీమీటర్లే ఉంటుంది, అంతకన్నా పొడుగైతే గుడ్డలోంచి వెళ్ళి వెళ్ళి పీచు లేస్తుంది.

ప్రతి కుట్టులోనూ పైన పడే కాలు ఒకే వైపుకు వాలి ఉండాలి. దారానికి స్వతహాగా మెరుపు ఉంటుంది. వాలు మారితే ఆ మెరుపు మారి, ఒకే రంగు రెండు రంగులుగా కనిపిస్తుంది. గడ్డి లాంటి పెద్ద భాగాల్లో వరుసంతా ముందు ప్రతి కుట్టులో ఒక కాలు మాత్రమే వేసుకుంటూ వెళ్ళి, తిరుగు దారిలో వాటిని పూర్తిచేయడం త్వరగా సాగుతుంది, వెనక పక్క కూడా పొందికగా ఉంటుంది. కాయల దగ్గర రంగు రెండు మూడు కుట్లకే మారిపోతుంది కనుక ఒక్కొక్క కుట్టునూ అక్కడికక్కడే పూర్తిచేశాను. పది గడులకు ఒకసారి, ఉతికితే పోయే కలంతో గుడ్డ మీద గీతలు గీసుకోవడం మొదట్లో విసుగనిపిస్తుంది, కానీ 8,960 గడుల లెక్కలో దారి చూపేది ఆ గీతలే. గుడ్డను నాలుగుగా మడిచి నట్టనడుమ గడిని పట్టుకుని అక్కడి నుంచి మొదలుపెడితే బొమ్మ ఒక పక్కకు జరిగిపోయే భయం ఉండదు. నా బొమ్మలో ఆ నడిమి గడి మడిలోని అయిదో గుమ్మడి మీద పడింది.

పాత్ర తలమీది గడ్డి టోపీ గురించి ప్రత్యేకంగా చెప్పాలి. ఆటలో వసంత ఋతువు 13వ తేదీన గుడ్ల పండుగ జరుగుతుంది. అందులో గుడ్లు వెతికే పందెం గెలిస్తే ఆ టోపీ ఇస్తారు. ఆ తరువాత ఎన్ని టోపీలు దొరికినా మావారు దాన్ని మార్చలేదు. గుడ్డ మీద అది ఒక అంగుళం వెడల్పు కూడా లేదు. అంచు నీడలో ఒక్క కుట్టు ఎక్కువైతే టోపీ మొహం మీదికి జారినట్టు ఉంటుంది, ఒక్క కుట్టు తక్కువైతే తలమీద తేలినట్టు ఉంటుంది. కన్ను, ముక్కు, చేతిలోని క్యాను మూతి కూడా అలాంటివే. ఇంత చిన్న బొమ్మలో ప్రతి గడికీ ఒక ఉద్దేశం ఉంటుందని, తెర మీద చూస్తున్నప్పుడు పట్టించుకోని ఆ ఉద్దేశం కుట్టేటప్పుడు వేలికి తెలుస్తుందని నాకు అక్కడే అర్థమైంది. ఒకే మనిషి అన్ని వేల చుక్కలను తానే ఆలోచించి పెట్టుకున్నాడని చదివి తెలుసుకోవడం వేరు, వాటిలో కొన్నింటిని ఒక్కొక్కటిగా మళ్ళీ పెట్టి చూడడం వేరు.

పూర్తయిన తరువాత గోరువెచ్చని నీళ్ళలో కొద్దిగా ద్రవ సబ్బు వేసి ఉతికాను. పిండకూడదు, తువ్వాలులో చుట్టి ఒత్తితే నీరు దిగిపోతుంది. కలం గీతలు పూర్తిగా పోయాయని చూసుకున్న తరువాతే ఇస్త్రీ చేయాలి, ఎందుకంటే కొన్ని రకాల కలం గీతలు వేడి తగిలితే శాశ్వతంగా ఉండిపోతాయి. మందపాటి తువ్వాలు పరిచి, కుట్టిన వైపు దానికి ఆనించి, వెనక నుంచి ఇస్త్రీ చేస్తే కుట్లు అణగకుండా నిండుగా నిలుస్తాయి. ఆ తరువాత ఆమ్లం లేని అట్ట మీద గుడ్డను పరిచి, వెనక పక్కన ఎదురెదురు అంచులను గట్టి దారంతో మంచం నులక అల్లినట్టు అటూ ఇటూ లాగి బిగించాను. జిగురు వాడితే పని త్వరగా అవుతుంది, కానీ ఏళ్ళు గడిచే కొద్దీ అది పసుపు మరకగా పైకి తేలవచ్చు, మళ్ళీ విప్పి సరిచేసే వీలు కూడా ఉండదు. అద్దం పెట్టినా, అది కుట్లకు తగలకుండా మధ్యలో సన్నని పట్టీ ఉంచాను.

పుట్టినరోజున పొట్లం విప్పినప్పుడు ఆయన ముందుగా గుర్తుపట్టింది టోపీని. ఆ తరువాత మాట్లాడకుండా వేలితో గడులను లెక్కపెట్టి, అయిదింటి దగ్గర ఆగి, తాను ఒక్కొక్క గడికీ విడిగా నీళ్ళు పోస్తానన్న సంగతి నేను గమనించానని తెలియదన్నారు. ఆ ఒక్క మాటతో నా శ్రమంతా ఫలించింది. కాసేపటికి తేరుకుని, ఆటలో గుమ్మడితో పాటు కాలీఫ్లవరూ, పుచ్చకాయలాంటి మెలన్ కూడా అలా మహాకాయలుగా మారతాయని, వసంతంలో ఒకటి, వేసవిలో ఒకటి కూడా ఇదే కొలతలో ఉంటే గోడ మీద వరుసగా పెట్టుకోవచ్చని చెప్పారు. ఈసారి దాచిపెట్టి చేయాల్సిన పని లేదు కనుక స్క్రీన్‌షాట్ ఆయననే తీయమన్నాను. కాలీఫ్లవర్ తెలుపులో నీడ తెలిసేలా బూడిద రంగులు ఎంచడం గుమ్మడి కన్నా కష్టం, అందుకే దారాలు కొనే ముందు ఒక పనికిరాని ముక్క మీద మళ్ళీ నలుపు తెలుపు ఫొటో పరీక్ష మొదలుపెట్టాను.